డెల్టా రోడ్ల మీద కారు మెత్తగా పోవాలంటే: షాకులు, స్ప్రింగులు ఎంచుకునే పద్ధతి

రావులపాలెం దగ్గర హైవే దిగి కొత్తపేట మీదుగా అమలాపురం వెళ్లినా, పాలకొల్లు నుంచి నరసాపురం వైపు వెళ్లినా కారుకు ఎదురయ్యే పరీక్షలు ఒకలాంటివే. ఇక్కడ రోడ్లు చాలావరకు ఒండ్రు మీద, నల్లరేగడి మీద వేసినవి. వానాకాలంలో నేల ఉబ్బుతుంది, కాలువలు కట్టేసిన వేసవిలో ఎండి బిగుసుకుంటుంది. దాంతో రోడ్డు అంచులు దిగిపోతాయి, మధ్యలో సాగదీసినట్టు ఎత్తుపల్లాలు వస్తాయి. పైగా అడుగడుగునా కాలువ వంతెనలే. వంతెన కదలదు, దానికి రెండు వైపులా పోసిన మట్టి మాత్రం కుంగుతుంది. అందుకే ఎక్కేటప్పుడు ఒక దెబ్బ, దిగేటప్పుడు ఇంకో దెబ్బ. ధాన్యం ట్రాక్టర్లు, చేపల లారీలు తిరిగే దారుల్లో గుంతల సంగతి చెప్పక్కర్లేదు. వెనక సీట్లో నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లుంటే ఊరు చేరేలోపు ఎన్నిసార్లు "నెమ్మదిగా పోనీ నాయనా" అంటారో మీకు తెలిసిందే.

ఈ రోడ్లకు తగ్గట్టు కారును తయారు చేసుకోవచ్చు. ఖర్చు మీరు అనుకున్నంత కాకపోవచ్చు కూడా. అయితే ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరస తప్పకూడదు. నేరుగా షాపుకెళ్లి "మంచి షాకులు వేసేయండి" అంటే, డబ్బంతా పెట్టాక కూడా కుదుపు అలాగే ఉండిపోయే అవకాశం ఎక్కువ.

ముందు ఆ కుదుపు ఏ రకమో తేల్చుకోండి

కుదుపు అని అందరం ఒకే మాట వాడతాం. కారు కింద మాత్రం అది మూడు నాలుగు రకాలు, ఒక్కోదానికి ఒక్కో మందు. మీకు బాగా తెలిసిన ఒక దారి ఎంచుకోండి. మీరొక్కరే ఒకసారి, ఇంటిల్లిపాదీ ఎక్కాక ఒకసారి, అదే స్పీడులో నడిపి చూడండి.

చిన్న చిన్న గతుకులకే సీటులో, స్టీరింగులో టకటకమని తెలుస్తుంటే ముందు టైర్లను, తర్వాత కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లను అనుమానించండి. వంతెన దిగాక కారు ఒకసారి కిందికి పోయి, పైకి లేచి, మళ్లీ మళ్లీ ఊగుతుంటే షాకులు అయిపోయాయి. అందరూ ఎక్కినప్పుడే వెనక భాగం ధన్‌మని కొడుతుంటే స్ప్రింగులు కుంగాయి, లేదా స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాసే బంప్ స్టాప్ రబ్బర్లు ముక్కలైపోయాయి. ఒక చక్రం గుంతలో పడితే కారు పక్కలకు విసిరికొడుతూ టిక్కుటిక్కుమంటుంటే స్టెబిలైజర్ (బండి పక్కకు ఒరగకుండా చూసే కడ్డీ) లింక్ రాడ్లు చూడాలి. మెకానిక్‌కు "కుదుపు ఉంది" అనేకంటే, "నలుగురం ఎక్కితే వెనక కుడివైపు ధన్‌మంటోంది" అని చెప్పండి. సగం పని అక్కడికక్కడే తేలిపోతుంది.

టైర్లు: దాదాపు ఖర్చు లేని పని

రోడ్డుకూ మీకూ మధ్య మొదటి స్ప్రింగు టైరే. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద కంపెనీ అంటించిన స్టిక్కర్ ఉంటుంది. ఖాళీ బండికి ఎంత గాలి, నిండు బండికి ఎంత గాలి అని అందులో రాసి ఉంటుంది. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు అంతే పెట్టించండి. బంకుల్లో అడక్కుండానే 35, 40 పీఎస్ఐ కొట్టేస్తుంటారు. ఆ గాలితో ఎంత ఖరీదైన షాకు వేసినా రోడ్డు మీద గులకరాయి కూడా సీటులో తెలుస్తుంది. మెత్తదనం కోసం స్టిక్కర్‌లో ఉన్నదానికంటే తగ్గించడం కూడా వద్దు. టైరు పక్కలు వేడెక్కి దెబ్బతింటాయి, గుంతలో రిమ్ము వంగుతుంది.

తర్వాత టైరు సైజు. 2018లో వచ్చిన స్విఫ్ట్‌నే చూడండి. తక్కువ వేరియంట్లకు 165/80 ఆర్14, పై వేరియంట్లకు 185/65 ఆర్15 టైర్లు ఇచ్చారు (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు). చక్రం మొత్తం ఎత్తు రెండింటిలో దాదాపు సమానమే. టైరు పక్కగోడ ఎత్తు మాత్రం మొదటిదానికి 132 మిల్లీమీటర్లు, రెండోదానికి 120. ఆ 12 మిల్లీమీటర్ల గాలి మెత్త గుంతలో పడ్డప్పుడు బాగా తెలుస్తుంది. మీ మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన చిన్న రిమ్ము సైజు ఉండి, అది మీ బండి బ్రేకులకు తగలకుండా పడుతుందని సర్వీస్ సెంటర్‌లో నిర్ధారించుకుంటే, అందం కోసం 16, 17 అంగుళాల అల్లాయ్‌లకు వెళ్లేకంటే వెనక్కి ఆ సైజుకు రావడం మేలు. నా అభిప్రాయంలో ఈ రోడ్లకు ఇంతకు మించిన బేరం లేదు.

రబ్బర్లు: అందరూ వదిలేసే చోటు

లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) బుష్‌లు, వెనక యాక్సిల్ బుష్‌లు, స్ట్రట్ (షాకు, స్ప్రింగు కలిసి ఉండే ముందు కాలు) పైన ఉండే మౌంట్ అన్నీ రబ్బరువే. చిన్న చిన్న అదురుళ్లను బాడీ దాకా రాకుండా మింగేది ఇవే. మన దగ్గర ఎండకు, బురదకు, కోస్తా ఉప్పుగాలికి రబ్బరు గట్టిపడి పగుళ్లు బారుతుంది. బండిని లిఫ్ట్ మీద పెట్టించి, మెకానిక్‌ను బుష్ పక్కన మీటే ఇనుప కడ్డీ (ప్రై బార్) పెట్టి కదిలించమనండి. రబ్బరు చిరిగి ఉంటే కళ్లకు కనిపిస్తుంది. ఆరేడేళ్లు తిరిగిన బండిలో షాకులు మార్చి బుష్‌లు వదిలేస్తే పని సగమే అయినట్టు.

ఇక్కడొక మాట. షాపులో పాలీయూరిథేన్ బుష్‌లు చూపించి "జీవితకాలం ఉంటాయి" అంటారు. అవి గట్టివి. రేసు నడిపేవాళ్లకు పనికొస్తాయి. మీకు కావాల్సింది సుఖం కాబట్టి మామూలు రబ్బరు బుష్‌లే వేయించండి.

షాకు పోయిందో లేదో చూడటం

బండి ఒక మూల బానెట్ మీద గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగిపోతే షాకు బాగున్నట్టే. రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టు. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన షాకు నూటికి నూరు పాళ్లు బాగుందని అర్థం కాదు. సగం అరిగిన షాకు కూడా చేతి నొక్కుడుకు నిలబడుతుంది. అందుకని షాకు ఒంటిని కూడా చూడండి. పైన పలచటి నూనె తేమ, దానికి అంటిన దుమ్ము ఉంటే కంగారు అక్కర్లేదు. నూనె కిందికి కారుతుంటే మార్చాల్సిందే. టైరు చుట్టూ చేత్తో నిమిరితే అక్కడక్కడా గుంటలు తగలడం కూడా షాకు అరుగుదలకు గుర్తే. షాకు తయారీ కంపెనీలు సాధారణంగా 80 వేల కి.మీ. దగ్గర మార్పు గురించి ఆలోచించమంటాయి. పుంత రోడ్లలో తిరిగే బండికి అంతకంటే ముందే రావచ్చు.

షాకు అరిగితే పోయేది సుఖం ఒక్కటే కాదు. చక్రం రోడ్డును సరిగా అంటిపెట్టుకోదు, బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం పెరుగుతుంది. కాలువ గట్టు మీద నడిపేవాళ్లకు దీని విలువ వేరే చెప్పాలా?

స్ప్రింగు: కొలిచి తెలుసుకోండి

స్ప్రింగుకూ షాకుకూ తేడా ముందు తెలియాలి. బండి బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊపును ఆపేది షాకు. మండువా లోగిలిలో ఉయ్యాల బల్ల మీద కూర్చున్నారనుకోండి. గొలుసులు బరువు మోస్తాయి, నేలకు ఆనించిన మీ కాలు ఊపును ఆపుతుంది. షాకు చేసే పని ఆ కాలు చేసే పనే. కాలు ఆనించకపోతే బల్ల ఊగుతూనే ఉంటుంది, మరీ గట్టిగా తన్నిపెడితే బల్ల కుదుపుతో ఆగుతుంది. మెత్తటి స్ప్రింగుకు గట్టి షాకు వేసినా, గట్టి స్ప్రింగుకు మెత్తటి షాకు వేసినా జోడీ కుదరదు.

ఇంజినీర్లు సుఖాన్ని కొలిచే పద్ధతి తేలికైనదే. స్ప్రింగు మీద బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చూస్తారు. సుఖం కోసం చేసిన కార్లు సెకనుకు 1 నుంచి 1.5 సార్ల మధ్య ఊగేలా ఉంటాయి. స్పోర్ట్స్ కార్లు 2 దాకా, దాటి కూడా వెళ్తాయి. మనిషి ఒళ్లు, ముఖ్యంగా వెన్ను, పొట్ట, సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురుకు ఎక్కువ బాధపడుతుంది. అలాగని మరీ తగ్గించినా చిక్కే. నిదానంగా తేలిపోతూ ఊగే బండిలో పిల్లలకు కడుపులో తిప్పుతుంది.

ఇంట్లో మీరే ఒక కొలత తీసుకోవచ్చు. సిమెంటు చప్టా మీద బండి ఆపి, వెనక చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. కుడి, ఎడమ రెండూ రాసుకోండి. తర్వాత 75 కిలోల ధాన్యం బస్తా ఒకటి వెనక సీటు మధ్యలో పెట్టి మళ్లీ కొలవండి. డిక్కీలో పెట్టకండి, అది యాక్సిల్‌కు వెనక ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. బండి 25 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. వెనక స్ప్రింగుల మీద ఖాళీగా 360 కిలోలుండే చిన్న కారైతే అది సెకనుకు దాదాపు 1.4 సార్లు ఊగుతుంది. అదే బండిలో వెనక ఇంకో 200 కిలోల మనుషులు, సామాను చేరితే 1.15కు దిగుతుంది. ఒక్కరే నడిపినప్పుడు గట్టిగా, అందరూ ఎక్కాక మెత్తగా అనిపించడానికి కారణం ఇదే. బండిలో లోపం ఏమీ లేదు.

ఇదే లెక్క రోడ్డుకూ పనికొస్తుంది. గట్టు రోడ్డు మీద ఎత్తుపల్లాల మధ్య దూరం 12 మీటర్లుంటే, గంటకు 60 కి.మీ. స్పీడులో అవి సెకనుకు 1.4 సార్లు తగులుతాయి. పైన చెప్పిన ఖాళీ కారు ఊగే లెక్క కూడా అంతే. రెండూ కలిశాయంటే బండి ఎగిరెగిరి పడుతుంది. అదే రోడ్డు మీద 45కు తగ్గిస్తే బండి చాలావరకు సర్దుకుంటుంది. షాకులు మార్చే ముందు స్పీడు మార్చి చూడమనేది అందుకే.

కుడి ఎడమల మధ్య ఒక సెంటీమీటరుకు మించి తేడా వచ్చినా, ఊళ్లో అదే మోడల్ కొత్త బండితో పోలిస్తే మీది బాగా కిందికి ఉన్నా స్ప్రింగు కుంగిందనో, విరిగిందనో అనుకోవాలి. విరగడం ఎక్కువగా కింది చుట్టు దగ్గర జరుగుతుంది. స్ప్రింగు కూర్చునే గిన్నెలో, అంటే స్ప్రింగు సీటులో, బురదనీళ్లు నిలిచి పెయింటు ఊడి తుప్పు పట్టేది అక్కడే. తేడా లేకపోతే స్ప్రింగుల జోలికి వెళ్లకండి. కుంగకపోతే అవి షాకుల కంటే చాలా కాలం పనిచేస్తాయి.

ఏ షాకు కొనాలి

బజారులో మూడు రకాలు దొరుకుతాయి. వట్టి నూనెతో పనిచేసే ట్విన్ ట్యూబ్ (ఒకదానిలో ఒకటిగా రెండు గొట్టాలు), తక్కువ ఒత్తిడి గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్, ఎక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్న మోనోట్యూబ్ (ఒకటే గొట్టం). వట్టి నూనె షాకు మెత్తగా ఉంటుంది. కానీ గుంతల రోడ్డు మీద ఏకధాటిగా పోతే నూనెలో బుడగలు పుట్టి పట్టు తగ్గుతుంది. మోనోట్యూబ్ వేడెక్కినా పట్టు అంత తేలిగ్గా వదలదు. అయితే లోపలి గ్యాస్ ఒత్తిడి వల్ల చిన్న గతుకుల్లో కాస్త బిరుసుగా తెలుస్తుంది. ఘాట్ రోడ్డు మీద వేగంగా నడిపేవాళ్లకు అది సరిపోతుంది. పల్లంలో గంటకు 40, 60 మధ్య తిరిగే కుటుంబం కారుకు తక్కువ ఒత్తిడి గ్యాస్ ట్విన్ ట్యూబ్ సరైనది. మీ బండికి కంపెనీ మొదట వేసింది కూడా బహుశా అదే రకం అయి ఉంటుంది.

కాబట్టి తేలికైన, నమ్మదగిన దారి ఇది: కంపెనీ జెన్యూన్ పార్టు, లేదా అదే స్పెసిఫికేషన్‌తో గాబ్రియల్, మన్రో, కేవైబీ లాంటి పేరున్న తయారీదారులు మీ మోడల్‌కే చేసిన షాకు. డబ్బా మీద మోడల్, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నవి సరిచూసుకోండి. "హెవీ డ్యూటీ" అని రాసి ఉంటే గట్టిదని అర్థం. రోజూ నిండు బరువుతో తిరిగే ట్యాక్సీకి తప్ప అది మీకు అక్కర్లేదు. గట్టిదనం మార్చుకునే మరలున్న షాకులు ఖరీదైనవి. వాటిని మెత్తగా తిప్పి అలాగే వదిలేసేవాళ్లే ఎక్కువ, అలాంటప్పుడు ఆ డబ్బు దండగ.

పాత షాకుకు రంధ్రం పెట్టి నూనె నింపి "రీకండిషన్" చేసి ఇస్తామనే చోట్లున్నాయి. లోపలి వాల్వులు, సీలు అరిగాయి కాబట్టే నూనె పోయింది. కొత్త నూనె కూడా అలాగే పోతుంది. వద్దు.

మార్చేటప్పుడు ముందు రెండూ కలిపి, లేదా వెనక రెండూ కలిపి మార్చండి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

స్ప్రింగు మార్చాల్సి వస్తే

ఒకే మోడల్‌లో కూడా పెట్రోలుకు, డీజిల్‌కు, సీఎన్‌జీకి స్ప్రింగులు వేరుగా ఉంటాయి. చుట్ల మీద కంపెనీ వేసే రంగు చుక్కలు ఆ తేడా చెప్పడానికే. అందుకని చాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు తీయించుకోండి. మీరు తర్వాత సీఎన్‌జీ కిట్ పెట్టించి ఉంటే ఇది మరీ ముఖ్యం. 60 లీటర్ల ఖాళీ సిలిండర్ ఒక్కటే 50 కిలోలకు పైన తూగుతుంది, అదంతా వెనక స్ప్రింగుల మీదే. అదే మోడల్ కంపెనీ సీఎన్‌జీ వేరియంట్‌కు వాడే వెనక స్ప్రింగులు మీ బండికి సరిపోతాయేమో కనుక్కోండి.

కొందరు "కొంచెం లావు తీగ స్ప్రింగు వేస్తే కుంగదు" అంటారు. నిజమే, కానీ స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. తీగ 10 శాతం లావైతే స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. మన ఉదాహరణలోని కారు 1.4 నుంచి 1.7 దాటిపోతుంది. నడుం నొప్పి ఉన్న మనిషికి ఆ తేడా మొదటి వంతెన దగ్గరే తెలుస్తుంది.

చుట్ల మధ్య పెట్టే రబ్బరు బఫర్ల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. గ్రౌండ్ క్లియరెన్స్ పెరుగుతుందని, కుదుపు తగ్గుతుందని అమ్ముతారు. క్లియరెన్స్ కాస్త పెరగడం నిజం. కానీ బఫరు పెట్టిన చుట్టు కదలడం మానేస్తుంది, పనిచేసే చుట్లు తగ్గుతాయి, స్ప్రింగు గట్టిపడుతుంది. పైగా బరువంతా ఒకటి రెండు చోట్ల పడి అక్కడ తీగ అలసిపోతుంది. వరదనీళ్లు వస్తాయని, స్పీడ్ బ్రేకర్లు తగులుతున్నాయని వీటిని వేయిస్తున్నారు. కుంగిన స్ప్రింగు మారిస్తే పోయిన ఎత్తు దానంతటదే తిరిగొస్తుంది. స్ప్రింగు చుట్టు కోయించడం, గ్యాస్‌తో కాల్చి దించడం లేదా సాగదీయడం ప్రమాదం కూడా. కంపెనీ ఇచ్చిన రూపాన్ని, కొలతలను మార్చే పెద్ద మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డు వస్తుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా చిక్కులొస్తాయి.

బొలెరోలాంటి వెనక కమాను పట్టీల బండైతే పని వేరు. పట్టీల మధ్య తుప్పు చేరి అవి ఒకదాని మీద ఒకటి జారకపోతే ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. కమాన్ల పని తెలిసినవాళ్లతో పట్టీలు విప్పించి, తుప్పు గీకించి, గ్రాఫైట్ గ్రీజు పెట్టించి, పట్టీల చివరుండే షాకిల్ బుష్‌లు మార్పించండి. బరువు కోసం అదనపు పట్టీ వేయించిన బండి ఇప్పుడు మనుషుల్నే మోస్తుంటే ఆ పట్టీ తీయించేయండి.

బిగించే రోజు మీరు దగ్గరుండండి

మంచి సామాను చెడు బిగింపుతో పాడవుతుంది. కొత్త ట్విన్ ట్యూబ్ షాకును నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి లాగి, లోపలి గాలి పోయాకే బిగించాలి. మెరిసే రాడ్డును ప్లయర్‌తో పట్టుకోనివ్వకండి. ఒక్క గీత పడితే సీలు కోసుకుపోతుంది. స్ట్రట్ మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు కూడా అప్పుడే కొత్తవి వేయించండి. మళ్లీ విప్పే కూలీ మిగులుతుంది. స్ప్రింగు చివర దాని సీటులో కట్టిన అంచుకు తగిలి కూర్చుందో లేదో మీరే చూడండి. స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు (స్ప్రింగు కంప్రెసర్) లేకుండా తాళ్లతో, తీగలతో కట్టి విప్పే షెడ్డు నుంచి బండి తీసుకుని వచ్చేయండి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి ప్రాణం పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఇంకొకటి. లోయర్ ఆర్మ్, వెనక యాక్సిల్ బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా ఫుల్ టైటు చేయకూడదు. అలా బిగిస్తే బండి దించాక రబ్బరు మెలితిరిగే ఉంటుంది. ప్రతి గతుకుకూ ఎదురు తిరుగుతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఆనాక, బండి బరువు స్ప్రింగుల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. కొత్తవన్నీ వేశాక కూడా బండి బిరుసుగా ఉందనే చాలామంది బాధకు కారణం ఇదే.

తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి. మొదట పరీక్షించిన అదే దారిలో, అదే స్పీడులో, అదే బరువుతో మళ్లీ నడపండి. కొత్త స్ప్రింగులు వేస్తే ఎత్తు మొదటి వారాల్లో కొద్దిగా సర్దుకుంటుంది. వెయ్యి కి.మీ. తిరిగాక బోల్టులు, ఎత్తు మళ్లీ చూసి, అలైన్‌మెంట్ ఇంకోసారి సరిచూపించుకోండి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గర తిరిగే బండి అయితే నెలకోసారి కింద మామూలు నీళ్లతో కడిగించండి. లంక గ్రామాల్లో వరదనీళ్లు దాటి వచ్చిన బండికి స్ప్రింగు కింది సీటులో, షాకు దుమ్ము తొడుగులో చేరిన ఒండ్రును ఎండి గట్టిపడక ముందే పైపుతో కొట్టించేయండి.